ఆ ఛాతీ మీద చెయ్యెవరు వెయ్యాలి?

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది ఫిట్స్‌తో పడిపోవడం మనమెవరం మర్చిపోలేదు. ఫిట్స్ అనగానే చేతిలో తాళాలు పెట్టడమే మనకి తెలుసు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలనీ, నోట్లో ఏదీ కుక్కకూడదనీ బడిలో ఎవరూ చెప్పరు.

కొల్లేరు లంకల్లో నీళ్ళలో పడ్డ పిల్లలకి కడుపు నొక్కుతారు, తలకిందులుగా తిప్పుతారు. ఊపిరి ఆగితే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతింటుంది. 108 బండి వచ్చేలోగా దగ్గరుండేది టీచరే. ముందు నోటితో ఊపిరి ఊదాలి. తర్వాత ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో, 30 నొక్కులకి 2 ఊపిరుల చొప్పున నొక్కాలి.

సాధారణంగా శిక్షణ ఇక్కడితో ముగుస్తుంది. పడిపోయింది పదో తరగతి ఆడపిల్లయితే? మాస్టారు వెనక్కి తగ్గుతారు. టీచరమ్మ ముందు ఓణీ సర్దుతుంది. (నవ్వకండి, నేనైనా అదే చేస్తానేమో.) బహిరంగ స్థలాల్లో గుండె ఆగిన స్త్రీలకి ఈ సాయం మగవాళ్ళకన్నా తక్కువగా అందుతోందని అమెరికాలో జరిగిన అధ్యయనాలే చెబుతున్నాయి. సాధనకిచ్చే బొమ్మలకీ ఎక్కువగా మగ ఛాతీయే.

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో శిక్షణ పెట్టించేటప్పుడు ఆడబొమ్మ కావాలని అడుగుదాం. అవసరమైతే మాస్టారైనా సరే ఆడపిల్ల ఛాతీ మీద చెయ్యి వేస్తారని తల్లిదండ్రుల సమావేశంలో ముందే చెప్పిద్దాం. నన్నడిగితే రెండోదే కష్టం. దానితోనే మొదలుపెడదాం.