ముసలి దుప్పి కోసం ఐదేళ్ళ నిరీక్షణ
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, ఉద్యోగి హక్కు అని తీర్పు చెప్పింది. ఇలాంటి రోజున కరువు భత్యం గురించో, వైద్య బిల్లుల గురించో మాట్లాడాలి. కాని మన కార్యదర్శి గారు నాతో, "అమెరికా వెళ్ళొచ్చిన వాళ్ళందరూ నయాగరా గురించే చెబుతున్నారు. మీరు అటవీ శాఖ మనిషి కదా, ఇంకేదైనా చెప్పండి" అన్నారు. అందుకని అక్కడ నేను దగ్గరగా చూసిన ఒక వేట ఏర్పాటు గురించి చెబుతాను.

ముందుగా ఒక హెచ్చరిక. మన దేశంలో వేట నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మొదట్లో కొన్ని జంతువుల వేటకు లైసెన్సులుండేవి. 1991 సవరణతో అవి రద్దయ్యాయి. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువైన కృష్ణజింక మొదటి షెడ్యూలులో ఉంది. దాన్ని చంపితే మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ వరకు జైలు. 33 సంవత్సరాలు ఆ చట్టాన్ని అమలు చేసి రేంజి అధికారిగా రిటైరైన వాణ్ణి. వేటను పొగడడానికి ఈ వేదిక ఎక్కలేదు. ఒక పెద్దాయన ఒక పనికి ఎంత కాలం, ఎంత పద్ధతిగా సిద్ధపడ్డాడో, చివరికి ఏం చేశాడో చెప్పడానికే వచ్చాను.

2023 మే నెలలో నేనూ, మా ఆవిడా మా అబ్బాయి దగ్గరకు వెళ్ళాము. వాళ్ళుండేది ఇల్లినాయ్ రాష్ట్రంలో, చికాగో దాపున. పక్కింటాయన తపాలా శాఖలో ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. వయస్సు 69. నేను ఆయనను "పోస్టుమ్యాన్ గారూ" అనే పిలిచేవాణ్ణి. ఆ పిలుపు ఆయనకు నచ్చింది. ఆయన వరండాలో బల్ల మీద ఎప్పుడూ మ్యాపులు పరచి ఉండేవి. అడిగితే, "నవంబరులో అయోవా వెళుతున్నాను, దుప్పి వేటకు" అన్నారు. అప్పటికింకా మే నెల!

ఇల్లినాయ్‌లో కూడా దుప్పులున్నాయి. మరి పక్క రాష్ట్రానికి ఎందుకు? ఈయనకు కావలసింది ముదిరిన దుప్పిపోతు. అక్కడి తెల్లతోక దుప్పికి నాలుగేళ్ళు నిండితే గాని ముదిరినట్టు లెక్క కాదు. కొమ్ములు పూర్తిగా ఎదిగేది అయిదు నుంచి ఏడేళ్ళ మధ్య. ఇల్లినాయ్‌లో తుపాకి వేట నవంబరులో, పోతులు ఒళ్ళు మరచి ఆడదుప్పుల వెంట తిరిగే ఎద కాలంలోనే వస్తుంది. కుర్ర పోతులు అప్పుడే పడిపోతాయి. అయోవాలో ప్రధానమైన తుపాకి వేట డిసెంబరులో. ఎద కాలం ఎక్కువగా విలుకాండ్రకే దక్కుతుంది. విల్లుతో బాగా దగ్గరకు వస్తే గాని కొట్టలేరు. కాబట్టి అక్కడ ముసలి పోతులు మిగులుతాయి. నేల ఎంత సారవంతమైనా, మొక్కజొన్న ఎంత పండినా, బతకనిస్తే కదా ముసలివయ్యేది!

అయోవాకు ఈ దుప్పులు ఊరికే రాలేదు. 19వ శతాబ్దం చివరికి అక్కడ దాదాపు తుడిచిపెట్టుకు పోయాయి. 1898లో వేట మూసేశారు. మళ్ళీ తెరిచింది 1953లో. యాభై అయిదేళ్ళు ఆగారన్న మాట. అందుకే బయటి రాష్ట్రాల వాళ్ళను లెక్క ప్రకారమే రానిస్తారు. పోతును కొట్టే హక్కున్న లైసెన్సులు బయటివాళ్ళందరికీ కలిపి ఏడాదికి 6,000. అందులో విల్లు వేటకు నూటికి 35కు మించవు. మే మొదలు జూన్ మొదటి ఆదివారం దాకా దరఖాస్తులు తీసుకుని లాటరీ తీస్తారు. రాని వారికి ఏటా ఒక ప్రాధాన్యపు పాయింటు. పాయింట్లెక్కువ ఉన్నవారికి ముందు. మన క్వార్టర్సు కేటాయింపులో సీనియారిటీ జాబితా గుర్తుకొచ్చిందా? సరిగ్గా అదే. పోస్టుమ్యాన్ గారు 2018 నుంచి ఏటా డబ్బు కట్టి అయిదు పాయింట్లు కూడబెట్టారు. 64వ ఏట జాబితాలో చేరితే 69వ ఏట పేరు వచ్చింది. వచ్చిన మరుక్షణం పాయింట్లు సున్నా. లైసెన్సుల ఖర్చే ఆరు వందల డాలర్లు దాటింది.

ఇక ఆయన ఏర్పాటు ఎలా సాగిందో వినండి.

మొదటిది చట్టం. అయోవా నిబంధనల పుస్తకం ఆయన నా ముందు రెండుసార్లు చదివారు. మేత ఎరగా పోసి దుప్పిని రప్పించకూడదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తరువాత అరగంట వరకే వేట. కొట్టిన దుప్పికి ట్యాగు కట్టి, మర్నాటి అర్ధరాత్రి లోపల ప్రభుత్వానికి తెలియజేయాలి. 1972 జనవరి 1 తరువాత పుట్టినవారు వేట శిక్షణ పాసై ఉండాలి. ఈయన అంతకు ముందే పుట్టారు కనుక ఆ నియమం వర్తించదు. మనకు చట్టం వచ్చిన సంవత్సరమూ 1972 కావడం చూసి ఇద్దరమూ నవ్వుకున్నాము. ఒక రాష్ట్రంలో నియమం తప్పి కొట్టిన జంతువును సరిహద్దు దాటిస్తే 1900 నాటి లేసీ చట్టం కింద కేంద్ర ప్రభుత్వ నేరమవుతుంది.

రెండవది నేల. అయోవాలో భూమి దాదాపు అంతా రైతులదే. అనుమతి లేకుండా కాలు పెట్టకూడదు. ఈయన దక్షిణ అయోవాలో ఒక రైతును చాలా ఏళ్ళుగా ఎరుగుదురు. వేట లేని రోజుల్లో కూడా వెళ్ళి కంచె బాగు చేయడంలో సాయపడేవారు. శీతాకాలం చివర ఆ పొలాల అంచుల్లో నడిచి, రాలిపోయిన కొమ్ములు వెతికారు. మన కృష్ణజింక కొమ్ములు రాలవు. దుప్పి జాతి కొమ్ములు మాత్రం ఏటా రాలి మళ్ళీ మొలుస్తాయి. రాలిన పెద్ద కొమ్ము దొరికితే, ఆ పోతు వేట కాలం గడిచి బతికి ఉన్నట్టే కదా.

మూడవది పరిశీలన. ఆగస్టులో నేనూ ఆయన వెంట వెళ్ళాను. అయిదారు గంటల కారు ప్రయాణం. సాయంత్రం రోడ్డు పక్కన ఆగి, బైనాక్యులర్సుతో సోయాచిక్కుడు చేలను చూశాము. కొమ్ముల మీద ఇంకా మఖ్మలు లాంటి నూగు చర్మంతో పోతులు నాలుగైదు కలిసి మేస్తున్నాయి. నాకు మన నల్లమలలో చుక్కల దుప్పుల గుంపులు కళ్ళకు కట్టాయి. కాని ఆయన పొంగిపోలేదు. "సెప్టెంబరులో ఆ చర్మం రాలిపోగానే ఈ స్నేహాలు చెదిరిపోతాయి. చేలు కోతకొస్తాయి, ఓక్ కాయలు రాలతాయి. ఇక్కడ కనిపించింది నవంబరులో ఇక్కడ ఉంటుందని నమ్మకూడదు" అన్నారు. అందుకే పొలంలో గాక, రెండు అడవి ముక్కలను కలిపే సన్నని వాగు దారి దగ్గర మంచెకు చోటు చూసుకున్నారు. అదీ ఒకటి కాదు, రెండు. గాలి పడమటి నుంచి వీస్తే ఒకటి, దక్షిణం నుంచి వీస్తే ఇంకొకటి. ముసలి పోతు కంటి కన్నా ముక్కును నమ్ముతుంది.

నాలుగవది తేదీలు. ఎద కాలాన్ని నిర్ణయించేది పగటి పొడవు తగ్గడమే గాని చలి కాదు. కాబట్టి ఏటా దాదాపు అవే రోజులు. నవంబరు 4 నుంచి 12 వరకు ఆయన పెట్టుకున్నారు.

అయిదవది మన వయస్సు వాళ్ళందరికీ సంబంధించినది. ఒళ్ళు. అక్కడ వేటగాళ్ళకు జరిగే ప్రమాదాలలో చెట్టు మంచె మీద నుంచి పడడం ముఖ్యమైనది. ఆయన జూన్ నుంచీ రోజూ నడిచారు. డాక్టరుకు చూపించుకున్నారు. నేల మీద నుంచి దిగేదాకా శరీరమంతా పట్టి ఉంచే బెల్టు లేకుండా ఎక్కనని భార్యకు మాట ఇచ్చారు. ఏ రోజు ఏ మంచె మీద ఉంటారో, ఎన్ని గంటలకు దిగుతారో కాగితం మీద రాసి రైతు ఇంట్లో ఒకటి, ఆవిడ దగ్గర ఒకటి పెట్టారు. అయినా ఆవిడ నాతో అన్నారు: "ఈ ఐదేళ్ళూ నాకు దుప్పి గురించి బెంగ లేదు. ఆయన మోకాళ్ళ గురించే బెంగ." బల్ల మీద మ్యాపుల కంటె ఆ మాటే నాకు ఎక్కువ గుర్తుంది. 64లో వేసుకున్న లెక్క 69లో చెల్లుతుందో లేదో ఏ పాయింట్ల జాబితా చెప్పలేదు.

ఆరవది, అన్నిటి కన్నా కష్టమైనది: ఏది కొట్టకూడదో ముందే నిర్ణయించుకోవడం. కొమ్ములు చూసి వయస్సు చెబితే మోసపోతాము. ఒళ్ళు చూడాలి. ఏడాదిన్నర దానికి కాళ్ళు పొడవుగా, మెడ సన్నగా ఉంటుంది. మూడేళ్ళ దానికి ఎద కాలంలో మెడ ఉబ్బుతుంది గాని పొట్ట బిగువుగానే ఉంటుంది. అయిదేళ్ళ దానికి మెడ, రొమ్ము ఒకటై, పొట్ట కిందికి దిగి, కాళ్ళు పొట్టిగా కనిపిస్తాయి. చనిపోయిన తరువాత పళ్ళ అరుగుదల చూసి వయస్సు అంచనా వేయవచ్చు. కాని అప్పుడు తెలిసి ప్రయోజనం ఏముంది?

నవంబరు వచ్చింది. మొదటి నాలుగు రోజులు గాలి తిన్నగా లేదు. అయిదవ రోజు పొద్దున్నే ఎనిమిది కొనలున్న పోతు ఇరవై గజాలలోకి వచ్చి నిలబడిందట. మెడ బలిసి ఉంది. కొమ్ములు చూడముచ్చటగా ఉన్నాయి. పొట్ట మాత్రం బిగువు. "మూడేళ్ళది" అనుకుని ఆయన విల్లు ఎత్తలేదు. చివరి రోజు సాయంత్రం అసలైన ముసలిది కనబడింది, అరవై గజాల అవతల, ఆడదుప్పి వెనక. పక్కకు తిరిగి చూడకుండా వాగు దాటిపోయింది. అయిదేళ్ళు కూడబెట్టిన లైసెన్సు అలాగే మిగిలింది.

అయితే ఆయన ఉత్త చేతులతో రాలేదు. అయోవా ఆ లైసెన్సుతో పాటు ఆడదుప్పికి ఇంకొక ట్యాగు కూడా ఇస్తుంది. దుప్పుల సంఖ్య అదుపులో ఉండాలంటే తగ్గవలసింది ఆడవే. పోతు వేటగాడి కోరిక, ఆడది ప్రభుత్వం అవసరం. ఆ ఏర్పాటులోని తెలివి అటవీ శాఖలో పనిచేసిన నాకు బాగా నచ్చింది. ఆయన ఒక ఆడదుప్పిని కొట్టారు. దుప్పులకు క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బు వ్యాపిస్తున్నది. అయోవా అడవి దుప్పులలో 2013లో కనబడింది. మనుషులకు సోకినట్టు రుజువు కాలేదు గాని, జబ్బున్న దాన్ని తినవద్దని అక్కడి ఆరోగ్య శాఖ చెబుతుంది. అందుకని పరీక్షకు నమూనా ఇచ్చి, ఎముక తీసిన మాంసం మాత్రమే రాష్ట్రం దాటించారు.

పిల్లల దగ్గరకు వెళ్ళే మీకు రెండు మాటలు. అక్కడ నవంబరు, డిసెంబరు నెలల్లో అడవి దారుల్లో షికారుకు వెళితే దూరానికి కనిపించే నారింజ రంగు చొక్కా వేసుకోండి. ఎండాకాలంలో గడ్డిలో తిరిగితే ఇంటికి రాగానే కాళ్ళు పరీక్షించుకోండి, పిడుదుల వల్ల లైమ్ జ్వరం వస్తుంది. ఇంకొకటి, ఫోటో కోసమైనా ఎవరి తుపాకీ చేతిలోకి తీసుకోకండి. సందర్శకుల వీసా మీద వెళ్ళిన వారికి, వేట లైసెన్సు వంటి కొద్దిపాటి మినహాయింపులు తప్ప, తుపాకి పట్టడం అక్కడి కేంద్ర చట్టం ప్రకారం నేరం.

నేను తిరుగు ప్రయాణమయ్యే ముందు రోజు ఆయనను అడిగాను, "ఆ మూడేళ్ళ దాన్ని కొట్టి ఉంటే బాగుండేదనిపించలేదా?" అని. "రాత్రి అనిపించింది. పొద్దున్నకు పోయింది. అది ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తూ ఉంటుంది" అన్నారు. పక్కనే ఉన్న ఆవిడ ఏమీ అనలేదు, కాఫీ పోశారు.

2024 వేసవిలో ఫోనులో మాట్లాడినప్పుడు మళ్ళీ ఒక పాయింటు కొన్నానని చెప్పారు. డాక్టరు చెట్టెక్కవద్దంటే నేల మీద గుడారంలో కూర్చుంటారట. ఆ షరతు ఆవిడ పెట్టినదే. జాబితాలో ఆయన పేరు ఉంది.