రోహిణి నుంచి కారంచేడు దాకా: గుంపు హత్యపై ప్రసంగం



సమాజంలోని హింసను గురించి మాట్లాడమని నిర్వాహకులు ఆదేశించారు. విషయం విశాలమైనది, వ్యవధి స్వల్పం. అందుచేత చరిత్ర బోధించేవాడిగా ఒకే రకపు హింసకు పరిమితమవుతాను. అది గుంపు చేసే హత్య.

ఈ ప్రస్తావన రాగానే మన ఉపన్యాసకులు అంగులిమాలుని కథను అందుకొంటారు. అది మహత్తరమైన కథే కాని, ఈ అవసరానికి చాలదని నా అభిప్రాయం. అంగులిమాలుడు ఒంటరివాడు. చంపినవారి లెక్కను దాచలేదు, వేళ్లమాలగా మెడలో వేసుకొన్నాడు. గుంపుకు మెడా లేదు, మాలా లేదు. అదే సుత్తంలో మనం తరచు విడిచిపెట్టే ఘట్టమొకటి ఉన్నది. భిక్షువైన పిదప శ్రావస్తిలో భిక్షాటనకు వెళ్లినప్పుడు మట్టిపెళ్లలూ కర్రలూ రాళ్లూ తగిలి, తల పగిలి, పాత్ర విరిగి, చీవరం చిరిగి అంగులిమాలుడు బుద్ధుని వద్దకు వస్తాడు. ఓర్చుకొమ్మని ఆయన చెప్పాడు. హంతకుని పేరు ఇరవై అయిదు శతాబ్దాలు నిలిచింది. ఆ రాళ్లు విసిరినవారిలో ఒక్కరి పేరూ లేదు.

మనకు పనికివచ్చే పాఠం రోహిణీ నది ఒడ్డున ఉన్నది. ముసలివాణ్ణీ రోగినీ శవాన్నీ చూసి సిద్ధార్థుడు ఇల్లు విడిచాడన్న కథను బాబాసాహెబ్ అంగీకరించలేదు. శాక్యులకూ కోలియులకూ మధ్య రోహిణీ జలాల తగాదా ముదిరినప్పుడు శాక్య సంఘం అధిక సంఖ్యాకుల ఓటుతో యుద్ధానికి తీర్మానించింది. సిద్ధార్థుడు వ్యతిరేకించి ఓడిపోయాడు, ఓడిన తరువాత కూడా ఆయుధం పట్టననే అన్నాడు. కుటుంబాన్ని సాంఘికంగా బహిష్కరిస్తాం, భూములు జప్తు చేస్తామన్న బెదిరింపు సేనాపతి నుంచి వచ్చింది. ఆ కుటుంబానికి హాని రాకుండా ఆయన పరివ్రాజకుడయ్యాడు. పాళీ అట్ఠకథలలో ఈ తగాదా సంబోధి తరువాతిదని, బుద్ధుడే వెళ్లి యుద్ధాన్ని ఆపాడని ఉన్నది. కాలక్రమం మాట ఎలా ఉన్నా, బాబాసాహెబ్ ఆ నీటి తగాదాను అక్కడికి ఎందుకు తెచ్చారో ఊహించడం కష్టం కాదు. 1927 మార్చి 20న మహాడ్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగి వచ్చిన ప్రతినిధులపై పడిన గుంపును ఆయన కళ్లారా చూశారు. వీరేశ్వరాలయంలోకి కూడా చొరబడతారట అన్న పుకారు ఆ గుంపును కూడగట్టింది.

ఇక మన నేల. 1985 జూలై 16న కారంచేడులో మాదిగలు తాగే చెరువు దగ్గర పెత్తందారీ కులపు యువకుడు గేదెల కుడితి బకెట్టు కడుగుతుంటే పల్లెవారు అభ్యంతరం చెప్పారు. కొట్టబోయినవారికి ఒక స్త్రీ బిందె ఎత్తి ఎదురు నిలిచింది. మరునాటి ఉదయం గుంపు పల్లెపై పడింది. ఆరుగురు హతులయ్యారు, స్త్రీలపై అత్యాచారాలు జరిగాయి. బతికినవారు చీరాల చేరారు. ఆ శిబిరం నుంచే దళిత మహాసభ పుట్టింది. ఆరేళ్లకు చుండూరు. సినిమాహాలులో కాలు తగిలిందన్న చిన్న తగవు. తరువాత సుమారు నెలరోజులు సాంఘిక బహిష్కారం. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్య.

సాంఘిక బహిష్కారమన్న మాటను మరొకసారి వినండి. శాక్య సేనాపతి నోట వచ్చిన బెదిరింపూ అదే. ముందు పని ఆపుతారు, తరువాత దారి, చివరకు ప్రాణం. గుంపు ఆవేశంలో పుడుతుందని పత్రికలు వ్రాస్తాయి. చుండూరులో శవాలను గోనెసంచులలో కట్టి కాలువలలో పడవేశారు. అందుకు ఆవేశం చాలదు. సంచులు కావాలి, మోసే మనుషులు కావాలి, తీరిక కావాలి.

ఆ ఊళ్లోనే ఏర్పడిన ప్రత్యేక న్యాయస్థానం 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ విడిచిపెట్టింది. ఏ చేయి ఏ దెబ్బ కొట్టిందో చెప్పమని చట్టం సాక్షిని అడుగుతుంది. ప్రాణభయంతో పొలాలకు పడి పరుగెత్తినవాడు ఆ లెక్క చెప్పగలడా? గుంపు హత్యలను ఆపడానికి సుప్రీంకోర్టు మార్గదర్శకాలిచ్చింది 2018లో, యాదృచ్ఛికంగా జూలై 17నే. ఆ నెల మొదటి తేదీనే మహారాష్ట్ర ధూలే జిల్లా రైన్‌పాడాలో పిల్లలనెత్తుకుపోయేవారన్న వాట్సాప్ పుకారుకు అయిదుగురు సంచారజాతివారు బలి అయ్యారు. కులం, వ్యక్తిగత విశ్వాసం వంటి కారణాలతో అయిదుగురో అంతకుమించో కలిసి చేసిన హత్యకు మరణశిక్ష లేదా యావజ్జీవమని 2024లో అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత చెప్పుతున్నది. చట్టం వచ్చింది సరే, సాక్షి ఎక్కడ?

దీనికి ముందు చేదయిన మాటొకటి చెప్పాలి. బౌద్ధుల గుంపులూ ఉన్నాయి. 1983 జూలైలో కొలంబోలో ఓటర్ల జాబితాలు చేతబట్టి తమిళుల ఇళ్లు వెదికి తగులబెట్టారు. 2013లో మ్యాన్మార్ మెయిక్టిలాలో, 2014లో శ్రీలంక అలుత్‌గమలో ముస్లిములపై దాడులు జరిగాయి. వారి వెనుక కాషాయం కట్టినవారి ప్రసంగాలున్నాయి. అది నిజమైన బౌద్ధం కాదని తోసిపుచ్చడం మనకు సులువు. అయితే, అది నిజమైన హిందుత్వం కాదు అని ఎవరైనా అంటే మనం ఒప్పుకొంటున్నామా? ఇరవై రెండు ప్రతిజ్ఞలు చేసిన నోటితోనే మన యువకులు పుకార్లను ముందుకు పంపడం నేను చూస్తున్నాను.

సాక్షి మాటకు వస్తాను. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ, అంటే 15ఎ విభాగం, బాధితులకూ సాక్షులకూ రక్షణ, దారిఖర్చులు, భత్యం హక్కుగా ఇచ్చింది. అది తెలిసిన సాక్షులు తక్కువ, అడిగేవారు మరీ తక్కువ. కూలి మానుకొని వాయిదా వాయిదాకూ తిరిగి, చివరకు రాజీపడేవాడిని తప్పుపట్టే అర్హత మనకు లేదు. ప్రతి విహారంలో ఆదివారం వందన పిదప ఒక గంట ఈ పనికి కేటాయించమని కోరుతున్నాను. జిల్లాలో నడుస్తున్న కేసుల జాబితా, వాయిదా తేదీలు, సాక్షితో కోర్టుకు తోడు వెళ్లే ఇద్దరి పేర్లు ఒక పుస్తకంలో ఉండాలి. తోడు వెళ్లగలవారు భోజన విరామంలో కార్యదర్శిగారి వద్ద పేరు, తమకు వీలయిన వారాలు వ్రాయించగలరు.