దారిప్రక్క చెట్లు, కట్టడములు



గోదావరి డెల్టా నడుమ కొండలు లేవు. కాలువగట్టుపై పోవువానికి దూరమునుండి కనబడునది పెద్దచెట్టో, గుడిశిఖరమో కావలెను. అందుచేతనే దారి యడిగినవానికి పెద్దలు ‘ఆ రావిచెట్టు దాటి కుడిచేతికి పొమ్ము’ అని చెప్పెడివారు. నేడు బస్సులో పోవువాడు ఆ రావిచెట్టును చూడకయే ఊరు చేరుచున్నాడు.

బిక్కవోలులో వేంగీ చాళుక్యుల నాటి ఆలయములు కొన్ని ఊరిలోనే యున్నవి; కొన్ని పొలముల నడుమ నున్నవి. అందొకదానిని నక్కలగుడి యందురు. ఎంతకాలము పూజలేక పడియుండెనో ఆ పేరే చెప్పుచున్నది! అయినను వానికి పురావస్తుశాఖవారి కాపుదల కలదు. చెట్టునకు అట్టి దిక్కు లేదు.

కొవ్వూరు దాటిన పిమ్మట కుమారదేవమువద్ద, గోదావరి యొడ్డున, ఒక నిద్రగన్నేరు ఉండెడిది. దాని వయస్సు నూటయేబది యేండ్లని చెప్పుదురు. అక్కడ ఎన్నియో చిత్రములు తీయుటచే దానికి ‘సినిమా చెట్టు’ అను పేరు వచ్చెను. ఈ జాతి మన నేలది కాదు. అమెరికా ఖండపు ఉష్ణదేశములనుండి వచ్చినది. ఎత్తుకంటె వెడల్పే యెక్కువగా పెరుగును. సందెవేళను, మబ్బు క్రమ్మినపుడును ఆకులు ముడుచుకొనును. ఆ నిద్రనుబట్టియే దానికా పేరు. తీయని కాయలను పశువులు ఏరుకొని తినును. 2024 ఆగస్టులో, వరదల దినములలో, ఆ మహావృక్షము కూలెను. అప్పుడు జనము వచ్చి చూచి కంటతడి పెట్టిరి. నిలిచియుండగా దాని నీడను కూర్చున్నవారిలో మాను చుట్టుకొలత తీసినవారెందరో! కొమ్మలు నరికి, మందులు పూసి సంరక్షింపగా కొన్ని వారములకు మోడు చిగిర్చినది.

చుట్టుకొలత తీయుట కష్టము కాదు. నేలనుండి నాలుగున్నర అడుగుల యెత్తున నూలుత్రాడు చుట్టి, ఆ త్రాటిని కొలిచిన చాలును. మఱ్ఱియైనచో ఊడలను విడిచి నడిమి మానునే కొలువవలెను. తేదీయు, స్థలమును వ్రాసి యుంచినచో పదియేండ్ల తరువాత కొలిచినవానికి పెరుగుదల తెలియును. అట్టి పుస్తకమొకటి గ్రంథాలయపు బీరువాలో నుంచుటకు ఖర్చేమి?

చెట్లకంటెను త్వరగా పోవుచున్నవి మండువా లోగిళ్ళు. నాలుగువైపుల వసారాలు, నడుమ ఆకాశము. పెంకులపై పడిన వాన నాలుగు దిక్కులనుండి మండువాలోనికి జారి, తూము గుండ వెలుపలికి పోవును. గాలియు వెలుతురును దానినుండియే. ఏజెన్సీ అడవుల టేకు తెప్పలుగా కట్టబడి గోదావరిపై దిగివచ్చుచుండిన కాలమున ఆ స్తంభములు నిలిచినవి. అన్నదమ్ములు పంచుకొనునపుడు మండువాను పంచుట సాధ్యము కాదు. అప్పుడు ఇల్లు విప్పి కలప నమ్ముదురు. ద్వారబంధము ఒక యూరికి, స్తంభములు వేరొక యూరికి పోవును. ఇంకను నిలిచియున్న లోగిలి యెదుటికి పోయినపుడు అరుగుపై కూర్చుండి, దూలము స్తంభముపై ఎట్లు కూర్చున్నదో, గుమ్మముపై ఏ లత చెక్కబడినదో చూడుడు. కట్టిన వడ్రంగి పేరు ఆ యింటి ముసలమ్మగారికి ఇంకను జ్ఞాపకముండవచ్చును.