మేనరికము - రక్తములోని లెక్క



మేము రైల్వే గుమాస్తాలము, పండితులము కాము. చదివి తెలిసికొన్నంత మనవి చేస్తాము.

ప్రకృతి వరణమంటే బలవంతుడు బలహీనుని మింగుట అనుకుంటారు. కాదు. కొడవలి కణ వ్యాధిని చూడండి. గుండ్రని ఎర్ర రక్తకణము కొడవలివలె వంగిపోతుంది. జన్యువు తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి వస్తుంది. రెండూ చెడినవైతేనే జబ్బు. ఒకటే అయితే మనిషి సాధారణముగా ఆరోగ్యముగానే ఉంటాడు. పైగా చిన్నతనములో ప్రాణాంతకమైన మలేరియాను తట్టుకొంటాడు. తూర్పు ఆఫ్రికాలో పరిశీలించి 1954లో ఆంథొనీ ఆలిసన్ గారు ఈ సంగతి వెల్లడించారు. దోమల సీమలలో ఆ జన్యువు నశించక నిలిచినది అందుకే. మన దేశములో 1952లో నీలగిరులలో కనుగొన్నారు. ఒడిషా, మహారాష్ట్రలలోను ఉన్నది. గిరిజనులలోనే కాదు, ఇతరులలోను.

ఇక మన ఇళ్ల సంగతి. పరాయి సీమలో సంబంధాలు దొరకవని మేనరికము చేసుకొంటాము. ఒక్క అవ్వనుండి ఆ జన్యువు కొడుకుకూ కూతురికీ, వారినుండి బావకూ మరదలికీ చేరవచ్చు. అట్టి దంపతులకు ప్రతి కాన్పులోను నాలుగింట ఒక వంతు జబ్బుబిడ్డ పుట్టే అవకాశము. జాతకాలు చూపించే మనకు రక్తము చూపించుటకు నామోషీ ఎందుకో! ఒక జన్యువు ఉన్నదని తేలినంతనే పిల్ల పెండ్లికి పనికిరానిది కాదు. వరునికి లేకపోతే వారి బిడ్డలకు ఈ జబ్బు రాదు.