ఏడక్షరాల పేరు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న గురువులకు, ముందు వరసలో కూర్చున్న మా తెలుగు మాస్టారికి పాదాభివందనాలు. మిత్రులారా, కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో నాలుగు ముక్కల్లో చెప్పమన్నారు. నేను చేసిన ఒక తప్పు చెబుతాను, దాంతోపాటే ఆ సంగతీ వస్తుంది.

కంప్యూటర్‌లో అట్టడుగున ఉన్నవి స్విచ్‌లు. వేస్తే 1, తీస్తే 0. స్విచ్‌లతో తర్కం నడపవచ్చని క్లాడ్ షానన్ అనే అమెరికా విద్యార్థి 1937లో తన సిద్ధాంత వ్యాసంలో చూపించాడు. ఎనిమిది ఒకట్లూ సున్నాలూ కలిస్తే ఒక బైట్. బైట్లతో సంఖ్యలు, సంఖ్యలతో అక్షరాలు, అక్షరాలతో పేర్లు. పై అంతస్తులో పనిచేసేవాడు కింది అంతస్తు గొడవ పట్టించుకోనక్కర్లేదు. దీన్నే అబ్‌స్ట్రాక్షన్ అంటారు, పుస్తకాల్లో అమూర్తీకరణ. "ఎక్స్ అంటే ఏదో ఒక సంఖ్య, ఎంతో ఇప్పుడే అడక్కండిరా" అనేవారు మన లెక్కల మాస్టారు, గుర్తుందా? అదే ఇది. ఈ ఏర్పాటు లేకపోతే ఒక్క ఉత్తరం టైపు చేయడం కూడా ఎవరి వల్లా కాదు.

ఇక నా తప్పు. ఒక చిన్న సంస్థ వృద్ధులకిచ్చే పింఛన్ల జాబితాకు ప్రోగ్రాం రాశాను. ఇంటిపేరు వేరే గడిలో పెట్టి, పేరుకు 30 స్థానాలిచ్చాను. ముప్ఫై అక్షరాల పేరు ఎవరికుంటుందిలే అనుకున్నాను.

కొన్నాళ్ళకు ఒక పెద్దావిడ వచ్చింది. అసలు పేరు చెప్పను, సత్యనారాయణమ్మ అనుకుందాం. జాబితాలో సత్యనారాయణ అని ఉంది. గుర్తింపు కార్డుతో పొంతన లేదని పింఛను ఆపేశారు. "నేనే బాబూ ఆ మనిషిని" అంటూ రెండు నెలలుగా తిరుగుతోంది. పేరు ఎక్కించిన గుమాస్తా కుర్రాణ్ణి అందరి ముందూ కేకలేశాను.

ఆ రాత్రి పేరు విడదీసి రాసుకుంటే తెలిసింది. మనకది ఏడక్షరాలు. యూనికోడ్‌లో హల్లుకు ఒక సంఖ్య, దీర్ఘానికి ఒకటి, వత్తు రావాలంటే మధ్యలో పొల్లుకు ఇంకొకటి, మొత్తం 13. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కోదానికి 3 బైట్లు. పదమూడు మూళ్ళు 39. నేనిచ్చిన 30 స్థానాలు అక్షరాలు కావు, బైట్లు! పదో గుర్తు 'ణ'తో జాగా నిండిపోయి 'మ్మ' తెగిపోయింది. అక్షరం మధ్యలో తెగి ఉంటే పిచ్చి గుర్తేదో కనబడి ఎవరో ఒకరు పట్టుకునేవారు. ఇక్కడ మిగిలింది కూడా మంచి పేరే అయింది. నేనేమో ఇంగ్లీషు పేర్లతో సరిచూసుకున్నాను. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటే.

ఎనిమిదో తరగతిలో మాస్టారు బోర్డు మీద మాచేత ఇలాగే వర్ణవిభజన చేయించేవారు. "ఇదెందుకండీ?" అని అడిగినందుకు నన్ను గంటసేపు నిలబెట్టారు. ఇప్పుడు నవ్వుతున్నారు చూడండి.

జాగా పెంచాను. కుర్రాడికి క్షమాపణ చెప్పాను. ఆవిడకు బాకీతో సహా పింఛను అందింది. ఆ తర్వాత జాబితా అంతా గాలిస్తే తోక తెగిన పేర్లు ఇంకో నాలుగు దొరికాయి. ఆ నలుగురూ అడగడానికి కూడా రాలేదు. చిరునామాలు రాసుకుని నేనే బయల్దేరాను.