ప్రతిధ్వని యుండవలసిన చోటు

(సంఘము మాసికసమావేశమున చేసిన ప్రసంగపాఠము)



త్యాగరాజస్వామిని గూర్చియో, ఆంధ్రసారస్వతమును గూర్చియో మాటలాడవలసిన యీ వేదికపై విద్యుద్గిటారును గూర్చి మాటలాడ బూనుట మీలో పెద్దలకు వింతగా తోచవచ్చును. నేను శాస్త్రము చదివినవాడను కాను. బి.ఏ.లో చరిత్ర చదివి, ఇరువది యేండ్లుగా సచివాలయమున ఫైళ్లతో కాలక్షేపము చేయుచున్నవాడను. అయినను, గడచిన ఉగాదికి ముందు మన రిహార్సలులో జరిగినదానికి నేను కొంత సంజాయిషీ యిచ్చుకొనవలసియున్నది.

ఆ సాయంకాలము మన సంఘపు బాలిక యొకతె లలితగీతము పాడగా, మా అబ్బాయి గిటారు వాయించినాడు. ఇంటిలో హెడ్‌ఫోను పెట్టుకొని సాధన చేయునపుడు చక్కగా వినబడిన వాద్యము, హాలులో అద్దెకు తెచ్చిన ఆంప్లిఫయరునుండి వెలువడగానే వరదనీటివలె బురదయై పారినది. పాటలో నొక్క మాటయు చెవిని పడలేదు. కార్యక్రమోపసంఘము ఆ అంశమును తొలగింప నిశ్చయించినది. ఆ కాగితముపై నేనును సంతకము చేసితిని. కన్నకొడుకని పక్షపాతము చూపితినన్న మాట రాకూడదని నా తాపత్రయము. అబ్బాయి ఏమియు ననక తీగలు చుట్టుకొని మెట్లు దిగిపోయినాడు. రాత్రి అన్నము తినలేదు.

నాకును నిద్ర పట్టలేదు. ఆ పెడలుతో వచ్చిన పుస్తకమును ముందు వేసికొని, ఆంప్లిఫయరు వివరపత్రమును ఫోనులో వెదకి తీసి, కూర్చుంటిని. ఎంత నీరసమైన కాగితమునైనను ఆసాంతము చదువుట నా యుద్యోగము నాకు నేర్పిన యేకైక విద్య.

ఆంప్లిఫయరు చూపునకు ఒక్క పెట్టె. లోపల యంత్రములు రెండు. మొదటిదగు ప్రీఆంప్లిఫయరు, గిటారునుండి వచ్చు సన్నని సంకేతమును పెంచి, దానికొక రూపమును, కోరినచో గరుకుదనమును ఇచ్చును. ఈ గరుకుదనమునే డిస్టార్షను అందురు. రెండవదగు పవర్ ఆంప్లిఫయరు, రూపొందిన ఆ సంకేతమునకు స్పీకరును కదిలింపగల బలము నిచ్చును. కొన్ని ఆంప్లిఫయర్లకు ఈ రెంటి నడుమ తెరచిన ద్వారము వలె వెనుక ప్రక్కను రెండు రంధ్రము లుండును. సెండ్ అను దానినుండి సంకేతము బయటికి పోవును. రిటర్న్ అను దానిగుండ మరల లోనికి వచ్చును. దీనికే ఎఫెక్ట్స్ లూప్ అని పేరు.

మావాని పొరపాటు ఏమనగా, డిలే, రివర్బు అను ప్రతిధ్వనులను పెడలులోనే కలిపి, ఆ మొత్తమును ఆంప్లిఫయరు ముందుభాగమున గరుకుదనమునకు అప్పగించుట. మన భాషలో చెప్పవలెనన్న, చిత్తుప్రతిని దిద్దకమునుపే పది నకళ్లు తీసి, పదింటిని ఒకదానిపై నొకటి పరచి, ఎఱ్ఱసిరాతో దిద్దినట్లు! ముందు దిద్దవలెను, పిదప నకళ్లు తీయవలెను. బిజాపూరు గోల్ గుంబజ్‌లో కేక వేసినను క్రమమిదియే కదా: మొదట కేక, పిదప ప్రతిధ్వని.

పూర్వము ఈ క్రమము కంటికే కనబడుచుండెను. 1962లో వచ్చిన మేస్ట్రో ఫజ్‌టోను గరుకుదనమునకు మాత్రమే. 1974లో రోలాండు కంపెనీవారు తెచ్చిన స్పేస్ ఎకో అయస్కాంతపు టేపుపై ప్రతిధ్వని పుట్టించు మరియొక పెట్టె. 1988లో బాస్ వారి ఎం.ఇ.-5 వంటివి పలు పరికరములను ఒక్క పలకలో నిమిడ్చినవి. సౌకర్యము పెరిగినది, ఏది ముందో ఏది వెనుకో మరుగుపడినది.

దీనికి వాద్యకారులు నాలుగు తీగల పద్ధతి నవలంబింతురు. గిటారునుండి పెడలునకు ఒకటి. పెడలు సెండ్‌నుండి ఆంప్లిఫయరు ముందుభాగమునకు ఒకటి. ఆంప్లిఫయరు సెండ్‌నుండి పెడలు రిటర్న్‌నకు ఒకటి. పెడలు అవుట్‌పుట్‌నుండి ఆంప్లిఫయరు రిటర్న్‌నకు నాల్గవది. అంతట వా, ఓవర్‌డ్రైవు ప్రీఆంప్లిఫయరునకు ముందును, డిలే, రివర్బు దాని తరువాతను నిలుచును. పెట్టె ఒక్కటియే, కాని రెండు తావుల పనిచేయును.

పెడలులోనే ఆంప్లిఫయరును అనుకరించు ఏర్పాటు ఒకటి యుండును. హెడ్‌ఫోనుకది ప్రాణము. నిజమైన ఆంప్లిఫయరు ఎదుట నున్నపుడు దానిని ఆపివేయవలెను, మావాడు ఆపలేదు. సంకేతబలము కూడ సరిపోవలెను. కొన్ని లూపులు సుమారు 0.3 వోల్టులతోను, కొన్ని 1.2 వోల్టులతోను పనిచేయును. పొంతన కుదరనిచో పెడలు తట్టుకొనలేక పగిలిన ధ్వని నిచ్చును, లేదా ధ్వని నీరసించును. ఆంప్లిఫయరు గరుకుదనము లేక నిర్మలముగా నున్నచో ఈ లూపు గొడవయే అక్కరలేదు. ముందుభాగమున తగిలించినను చాలును. ఇంతకన్న ముఖ్యము: స్పీకరు రంధ్రమును సెండ్ అని భ్రమించి పెడలునకు కలిపినచో పెడలు కాలిపోవచ్చును. వెనుక ప్రక్కను చీకటిలో తడుముకొనువారు జాగ్రత్త వహింతురుగాక.

మరునాటి సాయంకాలము కార్యదర్శిగారిని బ్రతిమాలి హాలులో పావుగంట కాలము సంపాదించితిని. నేను టార్చి పట్టుకొంటిని, అబ్బాయి తీగలు బిగించినాడు. మొదట గుయ్యిమని హోరు పుట్టినది. పెడలును, ఆంప్లిఫయరును ఒకే ప్లగ్గుపలకకు తగిలింపగా చాలవరకు తగ్గినది. బాలిక పల్లవి ఎత్తుకొన్నది. గిటారు ఆమె వెనుక కొంతదూరమున నిలిచి పలికినది. ప్రతి మాటయు వినబడినది.

తొలగించిన అంశమును మరల చేర్చితిమి. ఇంటికి వచ్చునపుడు మెట్రోలో అబ్బాయి యొక్క మాట అడిగినాడు: "నాన్నగారూ, ఈ పుస్తకము సంతకము చేయకముందే చదివియుండకూడదా?" నాయొద్ద సమాధానము లేకపోయెను.

ఈ యుగాదికి వారిద్దరిది ఏడవ అంశము. నాలుగు తీగలు వేదికపై పరచియుండును. తల్లులు దయయుంచి పిల్లలను ఆ మూలకు పోనీయకుందురని మనవి.