ఎడమ కాలికి పాఠం చెప్పిన పంతులు
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాఠశాల ఉత్సవాలలో దాతలను, ప్రధానోపాధ్యాయులను, పేరుగాంచిన పూర్వ విద్యార్థులను స్మరించుట పరిపాటి. ఆటలు నేర్పిన డ్రిల్లు మాస్టారి పేరు మాత్రం వందన సమర్పణలో, అదీ చివరి వరుసలో వినిపిస్తుంది. అందుచేత ఈ శుభసమయాన ఒక డ్రిల్లు మాస్టారి జీవితాన్ని తలచుకొనుట సముచితం. ఆయన పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఫుట్‌బాల్ ఆటగాడుగా మొదలై, బడిపంతులై, ఆ పిమ్మట భారత జట్టుకు శిక్షకుడై, దేశానికి రెండు ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు సాధించిపెట్టిన హైదరాబాదీ ఆయన.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. ఆనాడు అక్కడ ఉన్నత విద్య ఇంగ్లీషులో గాక ఉర్దూలో సాగేది. దేశభాషలో చదివినవాడు ప్రపంచంలో రాణించలేడనే అపోహకు రహీం జీవితమే ఒక సమాధానం. విశ్వవిద్యాలయ జట్టులోను, నగరంలోని కమర్ క్లబ్బులోను ఆయన ఆడారు. ఆటగాడుగా ఆయన కీర్తి నగరం ఎల్లలు పెద్దగా దాటలేదు. డిగ్రీ పూర్తిచేసి కాచిగూడ మిడిల్ స్కూలులో, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలలో ఉపాధ్యాయుడుగా పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది బడి ఆటల బాధ్యత స్వీకరించారు. హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఎన్నికై, తుదివరకు ఆ పదవిలో కొనసాగారు.

మేటి ఆటగాడు శిక్షకుడైనప్పుడు ఒక చిక్కు ఉన్నది. తనకు సహజంగా అబ్బిన విద్య ఎదుటివాడికి ఎందుకు అబ్బదో అతనికి అంత సులభంగా బోధపడదు. పంతులు సంగతి వేరు. తరగతిలో వెనుక బల్లపై కూర్చున్న పిల్లవాడికి లెక్క ఎక్కడ తప్పుతున్నదో వెదకడమే ఆయన నిత్యకృత్యం. రహీం ఈ దృష్టితోనే మైదానంలోకి వచ్చారు. కుర్రవాళ్లకు ఆయన కొన్ని విచిత్రమైన పోటీలు ఏర్పాటు చేశారు. ఒక పోటీలో బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలి. కుడికాలి వాటం గలవాడు ఆట ముగిసేదాకా ఎడమ కాలినే వాడాలి. మరొక పోటీలో ఎవరూ బంతిని తమ వద్దే ఉంచుకొని పరుగెత్తరాదు. అందిన వెంటనే తోటివాడికి అందించాలి. మొదటి పోటీ లోపాన్ని దిద్దింది. రెండవది అహంకారాన్ని దిద్దింది.

ఈ శిక్షణ ఫలం త్వరలోనే కనిపించింది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951లో న్యూఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో ఆయన శిక్షణలోని భారత జట్టు ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణం సాధించింది.

మరుసటి సంవత్సరమే పెద్ద దెబ్బ తగిలింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో భారతదేశం యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయింది. భారత ఆటగాళ్లలో పలువురు నాడు బూట్లు లేకుండానే ఆడారు. ఇటువంటి ఓటమి తరువాత సాకులు వెదకడం లోకసహజం. ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. రహీం ఆట తీరునే తిరిగి పరిశీలించారు. యూరప్ జట్లు ఎట్లా నిలబడుతున్నవో, ఎట్లా కదులుతున్నవో గమనించి, ఆటగాళ్లను నిలిపే పద్ధతిని మార్చారు.

నాలుగేళ్ల తరువాత, 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆతిథేయ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన తొలి ఆసియా దేశంగా భారతదేశం నిలిచింది. సెమీఫైనల్లో ఎదురైనది మళ్లీ యుగోస్లావియాయే. ఈసారి మొదటి గోల్ భారతదేశానిది. చివరకు 4-1తో ఓటమి తప్పలేదు. జట్టు నాలుగవ స్థానంతో తిరిగి వచ్చింది. అయినా పదికి ఒకటి అన్న అంతరం నాలుగుకు ఒకటికి తగ్గింది. పతకాల పట్టికలో ఈ ప్రగతికి చోటు లేదు. విద్యార్థి మార్కుల జాబితాను ఏటేటా పోల్చి చూసే ఉపాధ్యాయునికి మాత్రం దాని విలువ తెలుస్తుంది.

ఆయన శిష్యులలో తులసీదాస్ బలరాం ఒకరు. సికింద్రాబాద్ కంటోన్మెంటులోని అమ్ముగూడకు చెందిన పేదింటి బిడ్డ. అతని ఆట చూసి రహీం హైదరాబాద్ జట్టు ఎంపికకు రమ్మన్నారు. సికింద్రాబాదు నుండి హైదరాబాదుకు వచ్చి పోవడానికి డబ్బు లేదని ఆ కుర్రవాడు చెప్పగా, దారి ఖర్చు ఆయనే ఇచ్చారని బలరాం తరువాతి కాలంలో తలచుకునేవారు. ఆ కుర్రవాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీపైన, పెరూపైన గోల్స్ చేశాడు. అదే ఒలింపిక్స్ జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. కాని ఆయనకు ఒక్క ఆటలోనూ దిగే అవకాశం రాలేదు. పరాయి బిడ్డకు దారి ఖర్చిచ్చి పిలిపించిన గురువు, సొంత బిడ్డ కోసం ఎవరి స్థానమూ ఖాళీ చేయించలేదు.

చివరి ఘట్టం 1962లో జకార్తా ఆసియా క్రీడలలో జరిగింది. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సరు రహీంను క్రుంగదీస్తున్నది. మొదటి ఆటలోనే జట్టు దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. థాయిలాండుతో ఆడినప్పుడు వెనుక వరుసకు వెన్నెముక వంటి జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. ఇజ్రాయెల్, తైవాన్ దేశాలను రానివ్వకపోవడాన్ని భారత క్రీడాధికారి ఒకరు ఆక్షేపించినందున, స్థానిక ప్రేక్షకులు భారతీయులపై ఆగ్రహంతో ఉన్నారు. ఇన్ని చిక్కుల నడుమ రహీం ఒక సాహసం చేశారు. గాయపడిన జర్నైల్‌ను పక్కన కూర్చోబెట్టలేదు, రక్షణ వరుసలోనూ నిలపలేదు. ముందుకు పంపి గోల్ చేసే బాధ్యత అప్పగించారు. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచిన జట్టుకు, సెప్టెంబరు 4న ఫైనల్లో తిరిగి దక్షిణ కొరియా ఎదురైంది. స్టేడియమంతా ప్రతికూల నినాదాలతో దద్దరిల్లుతుండగా ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోల్, జర్నైల్ సింగ్ ఒక గోల్ చేశారు. 2-1తో స్వర్ణం భారతదేశానిదైంది.

ఆ తరువాత తొమ్మిది మాసాలకే, 1963 జూన్ 11న రహీం కన్నుమూశారు. ఆయనకు బ్రతికి ఉండగా దక్కిన గౌరవం స్వల్పం. శిక్షకులకు ఇచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని ప్రారంభం కాలేదు. 2024లో హిందీలో వచ్చిన 'మైదాన్' చలనచిత్రం చూసిన తరువాతనే ఈ తరం వారిలో చాలామందికి ఆయన పేరు తెలిసింది. ఆయన వెనుక మిగిలిన వెలితి మాత్రం పెద్దది. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారతదేశానికి స్వర్ణం రాలేదు. 1960 తరువాత భారత పురుషుల జట్టు ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆడనే లేదు.

అయితే గురువు నాటినది పూర్తిగా ఎండిపోలేదు. ప్రదీప్ కుమార్ బెనర్జీ ఆట చాలించి, దేశంలోని ప్రముఖ శిక్షకులలో ఒకరయ్యారు. హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ 1970 ఆసియా క్రీడలలో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకత్వం వహించి, అనంతరం శిక్షకుడై 1990లో ద్రోణాచార్య పురస్కారం అందుకున్నారు. రోమ్‌లో ఆడే అవకాశం రాని హకీం అంతర్జాతీయ రెఫరీగా, శిక్షకుడుగా ఆటకే అంకితమయ్యారు. 2021లో కర్ణాటకలోని కలబురగిలో కన్నుమూశారు.

తల్లిదండ్రులకు ఒక్క విన్నపం. పిల్లవాడు తక్కువ మార్కులతో ఇంటికి వచ్చిననాడు, పదికి ఒకటితో ఓడిన జట్టును ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. ఉపాధ్యాయులకు వేరే చెప్పవలసినది లేదు. ప్రతి తరగతిలోనూ ఎడమ కాలితో తన్నడం ఇంకా రాని పిల్లవాడు ఒకడు ఉంటాడు. అతని కోసం సాయంత్రం గంట కొట్టిన తరువాత కూడా మైదానంలో నిలబడే మాస్టారు ఒకరుంటే, ఆ పాఠశాల ఇంకొక డెబ్బది ఐదేళ్లు కళకళలాడుతుంది.